ఈ ఏడు పువ్వుకు వాసన లేదు

పెద్ద సిస్టర్ గుండెపోటుతో పోయిందని మొన్న ఫోను వచ్చినప్పుడు నేను సరిహద్దు ఊరైన కోంటా సంతలో పిల్లలకు టీకాలు వేస్తున్నాను. వరుసలో మిగిలిన ఏడుగురికీ వేశాకే ఏడ్చాను. మధ్యలో ఏడ్చుంటే ముందు ఆవిడే తిట్టేది.

మా ఆరోగ్య కేంద్రంలో నర్సుగా నాకు సూది పట్టుకోవడం నేర్పింది ఆవిడే. కోంటాలో కిరాణా కొట్టు నడిపే తెలుగువాళ్ల ఆడపడుచు. నన్ను తెలుగులో తిట్టి, హిందీలో రిపోర్టు రాసి, ఊళ్లలో దొర్ల గిరిజనులను వాళ్ల దొర్లీ భాషలో బుజ్జగించేది. చేతి గడియారం చూస్తూ రోగి ఊపిరి లెక్కపెట్టేటప్పుడు డాక్టరు పిలిచినా పలికేది కాదు.

కరోనా రెండోసారి వచ్చింది ఇప్పపువ్వు రాలే రోజుల్లో. ఒక పొద్దున మేమిద్దరం అడవి పక్క పల్లెకు వెళ్లాం. ఇళ్ల ముందు ఆరబోసిన పువ్వు వాసనకు నాకు తల దిమ్మెక్కుతోంది. ఆవిడ గుప్పెడు పువ్వు తీసుకుని మూచూసి, "ఏందిది, ఈ ఏడు పువ్వుకు వాసనే లేదు" అంది. ఆ పువ్వు ఏరి తెచ్చుకున్న ఇల్లాలు ముఖం ముడుచుకుంది. నేను నవ్వాను. మూడోరోజుకు ఆవిడను పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఇంకో రెండు రోజులకు నన్నూ ఆ పక్క మంచానికే చేర్చారు.

నేను తొందరగానే తేరుకున్నాను. ఆవిడ చాలా రోజులు ఆక్సిజన్ మీదే ఉంది. చుట్టూ మంచాలు ఖాళీ అవుతుంటే కళ్లు గట్టిగా మూసుకునేది. ఆవిడ ఇంటికొచ్చేసరికి నేను ఉద్యోగం మానేస్తానని కాగితం రాసి ఉంచాను. చదివి నాలుగు మడతలు పెట్టింది.

"చేతిరాత మంచిగున్నది. ఇగ రిజిస్టరు నువ్వే రాయి" అంది. "నాకు భయం లేదనుకున్నవా? ఆ వార్డుల మల్ల కాలు పెట్టమంటే నావల్ల కాదు. కానీ ఊళ్లకు పోకుంటే ఎట్ల?"

సిగ్గుపడి వెంట నడిచాను. ఊళ్లలో జ్వరం ఉందా అంటే ఎవరూ ఉందనేవారు కాదు. చెబితే బండెక్కిస్తారని, ఎక్కితే తిరిగి రామని వాళ్ల భయం. ఆవిడ ఆ ప్రశ్నే మానేసింది. "ఈ ఏడు పువ్వు ఎట్లున్నది?" అని అడిగేది. జబ్బు వాసన తినేస్తుందని తన ముక్కే తనకు చెప్పింది మరి. జ్వరం గురించి అబద్ధమాడినవాళ్లు పువ్వు గురించి ఆడలేదు.

ఒక ఇంట్లో అందరూ బాగున్నారని కోడలు చెబుతుండగా, లోపలి నుంచి ముసలాయన "ఏం పువ్వు, ఉత్త చెత్త, వాసనే లేదు" అని గొణిగాడు. వేలికి ఆక్సిజన్ చూసే మిషను తగిలిస్తే అంకె చాలా తక్కువ చూపించింది.

"నేను రాను. పోయినోళ్లు వస్తలేరు" అన్నాడు.

"నేను రాలేదా తాతా?"

"నువ్వు ఆసుపత్రి మనిషివి."

నాలుగు అడుగులకే ఆయాసం వచ్చే రోజులవి. ఆవిడ గుంజ పట్టుకుని ఊపిరి తీసుకుంది.

"నేను గూడ వస్త."

"తలుపు దాకనా?"

"నీ మంచం దాక."

ఆవిడ ఏం ఒప్పుకుందో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఆ తాత తర్వాత కోలుకుని తన కాళ్ల మీదే ఇల్లు చేరాడు. నేనూ ఉద్యోగంలోనే ఉన్నాను. ఆవిడకు ఈ మాట నేరుగా ఎన్నడూ చెప్పలేదు కాబట్టి మీకు చెబుతున్నాను: నేను ఉద్యోగంలో నిలిచింది ఆ రోజు వల్లే.

ఆ రోజు పెద్దాసుపత్రి వార్డు గడప దగ్గర ఆవిడ కాళ్లు ఆగిపోయాయి. లోపల మిషన్లు రొద పెడుతున్నాయి.

"అక్కా, నువ్వుండు, నేను తోల్కపోత" అన్నాను.

"మాటిచ్చింది నేను."

మాస్కు ముక్కు మీద నొక్కుకుంది. ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చెయ్యి వెనక్కి చాపి, "పా తాతా" అంటూ ముందు తనే లోపలికి అడుగుపెట్టింది.