వెన్నముద్ద వైద్యం

మా అత్తగారికి తెలిసిన వైద్యం ఒక్కటే, వెన్న. కళ్ళు మండితే వెన్న, నోరు పూస్తే వెన్న, నడుం పట్టినా ముందు ఓ ముద్ద మింగి చూడమనేది. తొంభైల్లో నేను దివిసీమలోని ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేసరికి దొడ్లో గేదెలు, పిడకల దాలి మీద పాలకుండ, వంటింట్లో కవ్వం అన్నీ ఆవిడ రాజ్యమే. మాది బందరు. చేపల పులుసు తిని పెరిగిన ఒళ్ళు నాది. "పాపం, నెయ్యి ఎరగని ఇంట్లోంచి వచ్చింది" అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ పాపం అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది.

పెళ్ళయిన కొన్నేళ్ళకు నొప్పి మొదలైంది. మధ్యాహ్నం పప్పూ నెయ్యీ కలుపుకుని తిన్న కాసేపటికి కుడి డొక్క కింద మెలిపెట్టేసేది. అక్కణ్ణుంచి వీపులోకి, భుజంలోకి పాకేది. ఆపైన వాంతులు.

"వేడి చేసిందమ్మాయ్, పైత్యం పెరిగింది. వెన్న చలవ, మింగు" అని ఆవిడ తేల్చేసింది.

మింగేదాన్ని. కాసేపటికే ప్రాణం పోయినంత పనయ్యేది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో అప్పుడు తెలిసింది. నొప్పి పెరిగితే, వేడి ఇంకా దిగలేదని మరో ముద్ద! "వెన్న వల్లేనేమో అత్తయ్యగారూ" అని ఒకసారి అన్నాను. "మా పాడికే వంకపెడతావా?" అని మూతి తిప్పుకుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే "అమ్మ చెప్పింది చెయ్యరాదూ!" అనేవారు. ఆ మనిషికి తెలిసిన వైద్యం అది.

చివరికి నా కళ్ళు పచ్చబడ్డాయి. ఆ రంగు చూసి భయపడి మా ఆయన నన్ను గుడివాడ తీసుకెళ్ళారు. స్కానింగు చేసిన డాక్టరుగారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు.

"కొవ్వు నీళ్ళలో కలవదండీ. అది పేగులోకి దిగగానే లివరు కింద ఉన్న చిన్న తిత్తి ముడుచుకుని పైత్యరసాన్ని వదులుతుంది. ఆ రసం కొవ్వును సన్నటి బొట్లుగా విడగొడితేనే మిగతా రసాలు దాన్ని అరిగించగలవు. ఈవిడ తిత్తినిండా రాళ్ళున్నాయి. వెన్న తిన్నప్పుడల్లా అది ముడుచుకుంటోంది, రాయి దారికి అడ్డం పడుతోంది. ఇప్పుడొకటి గొట్టంలోకి జారి రసాన్ని ఆపేసింది. ఇంకా ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొచ్చేది."

నాకు ఇట్టే అర్థమైంది. ఆ ఇంట్లో వెన్న గిన్నెలు తోమేది నేనే కదా. ఎన్ని నీళ్ళు పోసినా జిడ్డు కదలదు, సబ్బు పడితేగానీ విరగదు. మా ఆయన మాత్రం "అయితే నెయ్యీ వెన్నా మానెయ్యాలంటారా? అమ్మ ఏమనుకుంటుందో" అన్నారు. డాక్టరుగారు ఆయన వంక అదోలా చూశారు.

రాళ్ళు తీశారు, తిత్తీ తీసేశారు. ఇక పైత్యరసం లివరు నుంచి కొద్దికొద్దిగా కారుతూ ఉంటుందనీ, కూడబెట్టి ఒక్కసారిగా వదిలే చోటు లేదు కాబట్టి కొన్నాళ్ళు నేతి జోలికి పోవద్దనీ చెప్పి పంపారు.

ఇంటికొచ్చాక నన్ను పలకరించడానికి చుట్టాలు వచ్చారు. అందరితోపాటు నన్నూ భోజనానికి కూర్చోబెట్టారు. అత్తగారు పొయ్యి మీంచి దింపిన నేతిగిన్నెతో బయల్దేరింది. నా దగ్గరికి రాగానే "వద్దండీ" అని అన్నం మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"నెయ్యి వెయ్యకపోతే కోడలికి కూడు పెట్టట్లేదనుకుంటారు. చెయ్యి తియ్యి!" అంటూనే పోసేసింది.

నా చేతి మీద పోసింది. తోలు ఎర్రగా పొంగింది.

"చెయ్యెందుకు అడ్డం పెట్టావ్?" అన్నారు మా ఆయన.

అందరూ విన్నారు. ఒక్కళ్ళూ తల ఎత్తలేదు. నా కంచం తీసి ఆయన ముందు పెట్టాను. "మీరే తినండి. మీకైతే అరుగుతుంది" అని లేచిపోయాను.

ఆ సాయంత్రమే వరండాలో కిరసనాయిలు స్టవ్వు పెట్టుకుని అన్నం, చారు వండుకున్నాను. "నలుగురూ చూసేలా వీధి వైపు వండుకుంటావా? మా పరువు తియ్యడానికే పుట్టావే తల్లీ!" అని అత్తగారు శోకాలు పెట్టింది. చారు వాసనకు మా ఆయన వచ్చి కాసేపు అక్కడే తచ్చాడి, చివరికి పీట వాల్చుకుని కూర్చున్నారు.

"నాక్కూడా ఇక్కడే పెట్టెయ్యి" అన్నారు.

"నాకొక్కదానికే వండుకున్నాను" అన్నాను.