నిద్రపోయే పిల్ల మీద అనుమానం

మా గద్వాల నేతవీధిలో తిరుపతమ్మను ఎరగనివాళ్లు లేరు. కూరగాయలు తూచేటప్పుడు ఆమె కాయలను చూడదు, తక్కెడ అడుగు చూస్తుంది. అనుమానం పెనుభూతం అంటారు, ఆమెకు అది ఇంట్లో మనిషి. అయితే దాని పుణ్యాన ఆమెను మోసం చేసినవాడు లేడు. అందుకే ఆమె మాటంటే వీధికి విలువ, కోడలు ఉమకు భయం.

రెండు వేల నాలుగులో ఉమ మూడో నెల పాప మానసతో పుట్టింటి నుంచి వచ్చింది. దవాఖానాలో నర్సు చెప్పినట్టు గడియారం చూడకుండా, ఆకలన్నప్పుడు పాలిచ్చేది, కళ్లు వాలినప్పుడు మగ్గం పక్కన కట్టిన తొట్టెలో వేసేది. గద్వాల చీర అంచు కలపాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. మోకాళ్లు పట్టేసి తిరుపతమ్మ వదిలేసిన చోట, భర్త రాఘవేంద్ర పక్కన ఇప్పుడు ఉమ కూర్చునేది.

వాళ్లిద్దరూ నేత మొదలుపెట్టగానే పాప నిద్రపోయేది. అన్నానికి లేస్తే తనూ లేచేది, పాలు తాగేది, మళ్లీ నేతకు కూర్చుంటే మళ్లీ పడుకునేది. ఇంత బుద్ధిమంతురాలైన పసిపిల్ల ఉంటుందా? పని సాగడానికి పిల్లలకు నల్లమందు నాకించిన తల్లులను తిరుపతమ్మ వెనకట చూసింది. అలా పడుకుని మళ్లీ లేవని పిల్లనూ చూసింది.

ఉమ పెరట్లోకి పోగానే పాప నోరు వాసన చూసింది. వస అరగదీసే సానను నాకి చూసింది. కోడలి పెట్టె గాలించింది. ఏమీ దొరకలేదు, దాంతో అనుమానం ఇంకా ముదిరింది.

“పిల్లకు ఏం పెడుతున్నవ్?”

“పాలు తప్ప ఏం పెడ్త అత్తమ్మా?”

“అమాస రానీ. దినమంత పిల్ల నా ఒళ్లోనే ఉంటది. గప్పుడు నిద్రపోకుంటే మీ నాయనను పిలిపిస్త. పిల్లనిడిచి నువ్వొక్కదానివే పోదువు.”

ఉమ తొట్టెలోని పాపను తీసి గుండెకు హత్తుకుంది.

అమావాస్య నాడు మావాళ్లు మగ్గం ముట్టరు. ముట్టుకుంటే కులంలో తప్పు కట్టాలి, అంటే జరిమానా. ఆ రోజు పాప పాలు తాగడం, ఏడవడం తప్ప కన్ను మూయలేదు.

“చూసినవా? మందు పడలే, నిద్ర లేదు. పో, బూత్‌కు పోయి మీ మామకు ఫోన్ చెయ్” అంది కొడుకుతో. ఉమ గడప మీద కూలబడి ఏడ్చింది.

రాఘవేంద్ర విసురుగా లేచాడు. పోతూ పోతూ అతని భుజం పోగును బిగించే మగ్గం పలకకు తగిలింది. పలక ఊగి టక్ టక్‌మని రెండు దెబ్బలు పడ్డాయి. పాప ఏడుపు ఆపింది. పలక నిలిచింది, ఏడుపు మళ్లీ అందుకుంది.

తిరుపతమ్మ చూపు పాప మీంచి పలక మీదికి పోయింది. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే బతికిన మనిషి, అదొకటి ఉందన్న సంగతే మరిచింది.

“ఇంకోపారి కొట్టు.”

“అమ్మా, అమాస.”

ఆమె పాపను తొట్టెలో వేసి, మోకాళ్లు పట్టుకుని తనే మగ్గం గుంటలోకి దిగింది. పోగు తోసే నాడె ముట్టకుండా ఉత్త పలకనే కొట్టసాగింది. పాప కళ్లు మూతపడ్డాయి.

అమావాస్య నాడు మగ్గం చప్పుడేమిటని వీధంతా గుమ్మంలో చేరాం.

“ఉమా, పొద్దటి సంది నువ్వేం తినలే. పోయి తిను. నేనిది ఆప” అంది కోడలి వైపు చూడకుండా.

“గిదేంది తిరుపతమ్మా, అమాస నాడు నేస్తున్నవ్?” అని పక్కింటి యాదయ్య అడిగాడు.

“నేస్తలేను. తప్పు కడుతున్న.”