విరామం తర్వాత టికెట్టు

మొన్న మా మనవరాలు విశాఖపట్నంలో ఏదో పాటల నాటకానికి ఫోనులోనే టికెట్లు కొంటూ, ఏ వరుసలో కూర్చుంటావు తాతా అని ఆ ఫోను నా ముఖం ముందు పెట్టింది. అన్నీ చిన్న చిన్న గళ్లు. మోకాళ్లు బాగా మడవక్కర్లేని చోటు ఏదైనా ఒకటే అన్నాను. మొదలయ్యాక లోపలికి రానివ్వరు, అరగంట ముందే వెళ్లి కూర్చోవాలని అది చెబుతూంటే నాకు తెలియకుండానే నిట్టూర్పు వచ్చింది. ఈ వయసులో నిట్టూరిస్తే కారణం అడగరు, ఒంట్లో బాగాలేదనుకుని మందుల డబ్బా తెస్తారు.

ముందే వెళ్లి కూర్చోవడమన్నది మా ఇంట్లో చాలాకాలం ఎరగం. అరవైల చివర, విజయనగరంలో చుట్టూ తడికలు కట్టి పైన గుడ్డ పందిరి వేసి కాంట్రాక్టర్లు నాటకాలు ఆడించే రోజుల్లో కుర్చీ, బెంచీ, నేల అని మూడు తరగతులుండేవి, మీకూ గుర్తుండే ఉంటుంది. వాటి కింద ఇంకొకటుండేది, అది మా తరగతి. విరామం గంట కొట్టాక, ఖాళీ చోటు వృథా ఎందుకని, చేతిలో బేడ, అంటే పన్నెండు పైసలు, పెట్టినవాళ్లను గేటు దగ్గర మనిషి లోపలికి వదిలేవాడు. అంతసేపూ తడిక బయట నిలబడి హార్మోనియం వింటూ, గంట మోగగానే మేము తోసుకుంటూ దూరేవాళ్లం. మా అమ్మ అలా చూసిన నాటకాలు ఇరవైకి తక్కువుండవు. వాటిలో ఒక్కదానికీ మొదలు చూడలేదు.

అందువల్ల ఆవిడకు వచ్చిన లోటు కూడా ఏమీ లేదు. పద్యనాటకమంటే పురాణమే కదా, కృష్ణుడు రాయబారానికి వెళితే సంధి కుదరదని ఎవరికి తెలియదు? మంచి పద్యాలు, వన్స్ మోర్‌లు అన్నీ రెండో సగంలోనే ఉంటాయని, మొదటి సగం డబ్బున్నవాళ్లు సర్దుకు కూర్చోవడానికి పెట్టిందని ఆవిడ వాదించేది. నాన్న పోయాక తెల్లవారుజామున మూడింటికే లేచి, ఊరి చివర తోటలకు నడిచి వెళ్లి, వంకాయలూ బీరకాయలూ గంపకెత్తుకుని కోట దగ్గర బజారులో అమ్మి మమ్మల్ని పెంచిన మనిషి. ఆవిడతో వాదించి నెగ్గడం మా వల్ల అయ్యేది కాదు.

ఆ వాదన ఒక నాటకం దగ్గర చెల్లలేదు. కుర్రకారు కట్టిన పాటల నాటకం అది. పురాణం కాదు, పురాణాన్ని పట్టుకుని వెక్కిరింత. దేవుళ్లు వచ్చి రేషను షాపు ముందు వరసలో నిలబడతారు. ఊళ్లో పెద్దలు చెంపలు వేసుకుంటూనే రెండోసారి చూసి వచ్చారు. గరివిడి నుంచి, రామతీర్థం నుంచి జనం బస్సులెక్కి వచ్చేవారు. మేమూ అలవాటు కొద్దీ విరామం తర్వాతే దూరాం. తెర లేచేసరికి నారదుడు తంబురకు బదులు కిరసనాయిలు డబ్బా మెళ్లో తగిలించుకుని, దాన్ని దబదబా వాయిస్తూ పాట ఎత్తుకున్నాడు. జనం పడీ పడీ నవ్వారు. అమ్మ మాత్రం అటూ ఇటూ చూసింది. మొదలు తెలియని కథ ఆవిడకు అదే మొదటిసారి.

“ఏట్రా ఆ డబ్బా? అందరూ అలాగెందుకు నవ్వీసినారు?” అని బయటికి వచ్చాక అడిగింది. నాకూ తెలియదన్నాను. బజారులో పక్కన కూర్చునే ఆవిడను అడిగితే, చెప్పబోయి నవ్వాపుకోలేక, “సూడాలప్పా, సెప్తే ఏటుంటాది” అందట. అమ్మకు వారం రోజులు అదే ధ్యాస.

అప్పటికి నాకు గరివిడిలో కొత్తగా ఉద్యోగం. ఆఖరి ఆదివారం మధ్యాహ్నం ఆటకు, ఎండకు జనం రారేమోనని బెంచీ రేటు బాగా తగ్గించారు. పొద్దుటే వెళ్లి నిలబడి రెండు టికెట్లు తెచ్చాను, ఒకటి ఆడవాళ్ల వైపు, ఒకటి మగవాళ్ల వైపు. అమ్మ బజారు నుంచి ఖాళీ గంపతోనే తిన్నగా వచ్చింది. గేటు దగ్గర మనిషి ఆవిడను చూసి, “ఏటప్పా, ఇంకా గంట కొట్టలేదు, బేగొచ్చీసినావు” అన్నాడు. “నా కొడుకు టికెట్టు కొన్నాడు, మొదలు సూస్తాను” అని చీటీ అతని ముఖం మీద ఆడించింది. అంత గర్వంగా ఆవిడ నడవగా అంతకుముందు నేను చూడలేదు.

ఇక మొదటి సగం. ఆ రోజుల్లో మనం గోనెసంచో, రాయో, తెగిన చెప్పో వరసలో పెట్టి ఇంటికి వెళ్లి అన్నం తిని వచ్చేవాళ్లం కదా, అలాగే నారదుడు తన చోటు పోకుండా తంబుర పెట్టి టీకి వెళతాడు. వచ్చేసరికి ఎవరో దాన్ని పొయ్యిలోకి పట్టుకుపోయారు. ఆపడం మాట అటుంచి, విష్ణుమూర్తితో సహా వరసంతా ఒక్కడుగు ముందుకు జరిగింది. ఆ ఒక్కడుగు చూసి నేను బెంచీ మీంచి పడేంత నవ్వాను. తల తిప్పితే అమ్మ కనిపించే దూరమే. ఒక్కసారీ తిప్పలేదు.

విరామంలో సోడా పట్టుకుని వెళితే, ఆవిడ గంప ఒళ్లో పెట్టుకుని, వెదురు రాటకు తల ఆనించి నిద్రపోతోంది. గంటకు మెలకువ వచ్చింది, ఇరవై నాటకాల అలవాటు. “కూకోగానే నిద్దరట్టీసినాది గావాల” అని సిగ్గుగా నవ్వింది. తర్వాత నేను నాటకం చూడలేదు, ఆవిడనే చూశాను. డబ్బా వచ్చినప్పుడు అందరూ నవ్వాక, ఒక్క క్షణం ఆలస్యంగా తనూ నవ్వింది, నా కోసం.

సాయంత్రం ఇంటికి నడుస్తూ, “ఒరే, మొదట్లో ఏటైనాదో సెప్పు. నవ్వకుండా సెప్పు” అంది. మర్నాడు మొదటి బస్సుకే వెళ్లాలి, కాళ్లు పీకుతున్నాయి. నిజం చెప్పాలంటే అవి కావు. అంత తాపత్రయపడి తెస్తే నిద్రపోయిందేమిటని నాకు చిరాకు.

“రేపు సెప్తానమ్మా.”

“అలాగేలే, నువ్వూ అలిసిపోనావు.”

తర్వాత మరో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ రేపన్నాను. ఆ తర్వాత అడగలేదు.

ఇప్పుడు ఆ పందిళ్లూ లేవు, బేడకు లోపలికి వదిలే మనుషులూ లేరు. తీరిక మాత్రం కావలసినంత ఉంది. మూడు గంటలకు లేచిన మనిషి అలసట ఎలా ఉంటుందో, ఊరికే కూర్చుని అలసిపోయే ఈ వయసులో కొంచెం తెలుస్తోంది. ఆ రోజు నా చిరాకును కూడా ఆవిడ అలసటే అనుకోవడం తలచుకుంటే సిగ్గేస్తుంది. చెబితే పావుగంట పట్టేది. ఆ తర్వాత ఆవిడ పన్నెండేళ్లు బతికింది. నారదుడి తంబుర ఏమైందో తెలియకుండానే పోయింది.