మూడు రోజుల కాగితం

"నీళ్లు తాగకపోతే యాణ్ణుంచి వస్తాదమ్మా? మూడు దినాలూ గొంతు తడుపుకునేంతే తాగినా. సూడు, ఒక్క సుక్క కారలా," అంటూ ఆదినారాయణ కాగితాన్ని బల్లమీద చదును చేసి పెట్టాడు.

ఫరహత్ ఆ కాగితం ఇచ్చింది అందుకు కాదు. ప్రొద్దుటూరులోని ఆ చిన్న ఆసుపత్రికి మూత్రం ఆగడం లేదని ఎవరొచ్చినా, ఎన్ని నీళ్లు తాగిందీ, ఎన్నిసార్లు పోయిందీ, ఎప్పుడు గుడ్డ తడిసిందీ మూడు రోజులు రాసుకురమ్మని చెప్పే నర్సు ఆమె. అది చూసుకునే డాక్టరు మందు రాస్తాడు. ఈయనేమో పరీక్షలో మార్కులు తెచ్చుకోవాలన్నట్టు గొంతెండబెట్టుకుని వచ్చాడు. పెదవులు పగిలిపోయి ఉన్నాయి.

ఆమె కోప్పడలేదు. ఎందుకిట్లా చేశావని మెల్లగా అడిగింది. జమ్మలమడుగు నుంచి ముప్పయ్యేళ్లుగా రోజూ బస్సులో వచ్చి, చీరల అంగట్లో తెల్ల పరుపు మీద మఠం వేసుకుని కూచునే మనిషినని చెప్పాడు. పోయిన నెల పులివెందుల నుంచి పెండ్లివాళ్లు వచ్చారు. నలభై చీరలు విప్పి చూపించాక, పై అరలోది అందుకోవడానికి లేచాడు. కూచున్నచోట పరుపు తడిసి ఉంది. పెండ్లికూతురి అవ్వ చూసింది. చేతిలోని చీరను దానిమీదికి జరిపింది.

"తిట్టింటే బాగుండు," అన్నాడు.

యజమాని మురళీమోహన్ కూడా తిట్టలేదు. కొన్నాళ్లు ఇంటికాడ ఉండన్నా, బాగైందని డాక్టరుతో కాగితం తెచ్చుకుని వచ్చి కూచో, అన్నాడు. ఆ కాగితం ఇదేననుకున్నాడు ఈయన.

ఫరహత్ స్కానింగు రిపోర్టు తీసింది. పోయొచ్చాక కూడా మూత్రసంచిలో సగానికి సగం నిలిచే ఉంది. ఆ నిండినదే పొర్లుతోందని, నీళ్లు మానేస్తే జబ్బు దాక్కుంటుందే తప్ప పోదని, రేపు మూత్రపిండాల మీదికి వస్తుందని విడమరచి చెప్పింది. మందులతో తగ్గొచ్చు, ఆపరేషనూ కావలసి రావచ్చు.

"మల్లా పరుపు మీద కూచుంటానా?"

ఆమె ఇంకో ఖాళీ కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"చెప్పలేను మామా. కడుపునిండా నీళ్లు తాగు. తడిసింది తడిసినట్టు రాసుకుని రా."

కొత్త కాగితాన్ని ఆయన అంచుకు అంచు కలిపి, వేలితో నొక్కి మడిచాడు. మధ్యాహ్నం డ్యూటీ దిగి ఆమె బయల్దేరుతుంటే గేటుదాకా వెంట వచ్చాడు.

"బజారు మీదుగానే పోతావు గదమ్మా. చీర కొనేదాని మాదిరి మా అంగట్లోకి పో. నా జాగాలో ఎవర్ని కూచోబెట్టినారో సూసి రా. నా పేరు మాత్రం ఎత్తొద్దు."