వెనుక దర్వాజ

మొన్న పెండ్లికి పోతే, బగారన్నం వాసన పట్టుకొని నా కాళ్లు ఫంక్షన్ హాల్ వెనుక దర్వాజకే నడిచినయ్.

ఆ హాల్ ఒకప్పుడు మా ఊరి దొరల గడి. తరతరాలు వాళ్లే ఉన్నరు. దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లు వాళ్లను వెళ్లగొట్టిన్రు, పోలీసు యాక్షన్‌ల మిలిటరీ దిగింది, మిలిటరీ పోయినంక బడి పెట్టిన్రు. మొదటిరోజు అమ్మ నన్ను గోడ చుట్టు తిప్పి వెనుకనుంచి తీస్కపోయింది. బడికి తొవ్వ గదే అనుకొని రోజూ గట్లనే పోయిన.

"ముందు దర్వాజ తెరిచే ఉంటది గద, గట్లెందుకొస్తున్నవ్?" అన్నడు పంతులు.

ఇంటికొచ్చి అమ్మను అడిగిన.

"వెట్టికి గట్లనే పోయేదాన్ని బిడ్డా. నాకు గా తొవ్వే ఎరుక."

తెల్లారి నన్ను ముందు దర్వాజకాడికి తోలుకపోయింది. నేను లోపలికి పోయేదాక బయటనే నిలబడి చూసింది. దర్వాజ మీది నగిషీలు చూస్తున్నదనుకున్న అప్పుడు. నన్నెవరన్న ఆపుతరేమోనని చూసింది.