నేను ఇవ్వని క్యాంపు కాగితం

పన్నెండేళ్ళుగా ఒక కాగితం నా గుండెల మీద ఉంది. దాన్ని మోస్తూనే ఇల్లు కట్టుకున్నాను, అమ్మను సాగనంపాను, పదిమందిలో మంచివాడిని అనిపించుకున్నాను. మొన్న ఆదివారం దించేశాను. ఎవరి ముందు దించాలో వాళ్ళ ముందే దించాను. అప్పటి నుంచి అన్నానికి రుచి తెలుస్తోంది. మరి మీకెందుకు చెబుతున్నాను? ఒకసారి తెరిచిన నోరు మళ్ళీ మూతపడిపోతుందేమోనని భయం. పేరు మాత్రం రాయను. అంత ధైర్యం ఇంకా రాలేదు.

చిత్తూరు నుంచి వేలూరు పోయే రోడ్డులో ఒక వేరుశెనగ నూనె మిల్లు. నేను అక్కడ గుమాస్తాను. కాయలు ఒలిచే మిషను దగ్గర ఏసురత్నం అని ఒకతను పనిచేసేవాడు. నాకంటే మూడేళ్ళు చిన్న. ఊరికి అవతల పేటలో ఇల్లు. ఉద్యోగం చేసుకునేవాళ్ళను మిలిటరీలో పార్టు టైముగా తీసుకుంటారని పేపర్లో ప్రకటన చూసింది నేనే. అతనికి చదివి చెప్పింది కూడా నేనే. ఏడాదిలో పది నెలలు మన పని మనం చేసుకోవచ్చు. రెండు నెలలు క్యాంపుకు పోవాలి. ఆ రెండు నెలలూ అసలు సిపాయికి ఎంత జీతమో అంతే జీతం, అదే రేషను, అవే బూట్లు. పోవడానికి రావడానికి టికెట్టు కొనే పని లేకుండా రైలు వారంటు. క్యాంపులో జబ్బు చేస్తే మిలిటరీ ఆసుపత్రి. తిరిగి వచ్చేసరికి మిల్లులో ఉద్యోగం అలాగే ఉండాలి, అది చట్టం. చదువుతుంటేనే నాకు కడుపు నిండిపోయింది. ఎంపిక కోసం ఇద్దరం తిరుపతికి బస్సెక్కాం.

మైదానంలో చొక్కాలు విప్పించి ఛాతీలు కొలిచారు. ఊపిరి పీల్చి ఉబ్బించమన్నారు. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసేవాడి ఛాతీ ఎంతని ఉబ్బుతుంది? అర అంగుళం తగ్గింది. ఏసురత్నాన్ని తీసుకున్నారు. తిరుగు బస్సులో అతను ఒక్కసారి కూడా నవ్వలేదు. నేను బాధపడతానని. కిటికీ పక్క సీటు నాకిచ్చి తను ఇవతల కూర్చున్నాడు. ఆ మంచితనమే నాకు ముల్లులా గుచ్చుకుంది. అప్పుడే అసూయ పుట్టిందా? ఏమో. పుట్టే ఉంటుంది. దానికి పేరు పెట్టడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

పేటలోకి పోస్టుమాన్ పోయేవాడు కాదు. అక్కడివాళ్ళ ఉత్తరాలు రోడ్డు మీద కనబడినవాడి చేతిలో పెట్టి పోయేవాడు. అవి చేరితే చేరినట్టు, లేకపోతే లేదు. అందుకని క్యాంపు పిలుపు వచ్చే చిరునామాగా మిల్లు ఆఫీసు రాయమన్నాడు ఏసురత్నం, నా పేరు మీదుగా. నేనే రాశాను. అతని మిలిటరీ బతుకంతా నా సొరుగు మీదుగా పోవాలన్నమాట.

మొదటి క్యాంపు నుంచి వచ్చేటప్పుడు నాకొక థర్మాస్ ఫ్లాస్కు తెచ్చాడు. మిలిటరీ క్యాంటీనులో చవకగా వచ్చిందట. మా అమ్మ దాన్ని పసుపు నీళ్ళతో మూడుసార్లు కడిగి, ఆ తర్వాత చచ్చేదాకా అందులోనే కాఫీ పోసుకుంది. అమ్మను ఒక మాట అనడానికి కూడా నాకు నోరు లేదు.

మిల్లు గేటుకు ఎదురుగా టీ అంగడి. పేట వాళ్ళకు అక్కడ వేరే గ్లాసులు. పందిరి రాటకు తగిలించి ఉండేవి. వాళ్ళే తీసుకుని, తాగి, కడిగి తగిలించాలి. బల్ల మీద కూర్చోకూడదు. ఇదంతా నేను రోజూ చూసేదే, చూసీ చూడనట్టు టీ తాగేదే. రెండో క్యాంపు ముగించుకుని ఏసురత్నం కాట్పాడిలో రైలు దిగి, యూనిఫారంతోనే నేరుగా మిల్లు దగ్గరికి వచ్చాడు. అంగడాయన గబగబా బల్ల తుడిచి, "రాప్పా, కూసో" అన్నాడు. మంచి గ్లాసులో టీ ఇచ్చాడు. సరిహద్దులో చలి ఎట్లుంటుందని అడిగాడు. సరిహద్దు ముఖం ఏసురత్నం ఎక్కడ చూశాడు! అయినా అడిగాడు. నేను రెండుసార్లు టీ అడిగాను. నా మాట ఆయన చెవిన పడలేదు. ఆ రోజు నుంచి యూనిఫారం ఉన్నా లేకపోయినా ఏసురత్నం బల్ల మీదే కూర్చున్నాడు. పట్టాళం ఏసురత్నం, అంటే మిలిటరీ ఏసురత్నం, అని పేరు కూడా పడింది.

నా కడుపు మండింది. దాచడం ఎందుకు? అతను నాకంటే తక్కువవాడని ఎక్కడో లోపల నేను నమ్మాను. వాళ్ళతో కలిసి బస్సెక్కినంత మాత్రాన, పేపరు చదివి పెట్టినంత మాత్రాన అది పోతుందా? నా పక్కన నిలబడాల్సినవాడు కూర్చున్నాడు, నేను నిలబడ్డాను. అంతే. ఎంత తవ్వినా ఇంతకంటే గొప్ప కారణం దొరకలేదు.

నాలుగో ఏడు పిలుపు వచ్చింది. గోధుమరంగు కవరు. ఎప్పుడూ నేనే విప్పి చదివి చెప్పేవాడిని కనక విప్పాను. చదివాను. సొరుగులో వేశాను. ఒక్కరోజు ఆగి ఇద్దాం, కొంచెం తంటాలు పడనీ, అనుకున్నాను. ప్రమాణంగా ఒక్కరోజే అనుకున్నాను. మరునాడు అతనే వచ్చి అడిగాడు.

"అన్నా, నా కాగితం యేమన్నా వచ్చిండాదా?"

"రాలేదప్పా. వస్తే నీకియ్యక నేనేం చేసుకుంటా?"

"నిజమేలే. నువ్వుండంగా నాకేం బయం."

నవ్వుకుంటూ మిషను దగ్గరికి పోయాడు. ఆ మాట తర్వాత ఇక ఎట్లా ఇచ్చేది? ఇస్తే నిన్న అబద్ధమాడానని తేలుతుంది. ఇవ్వకపోతే క్యాంపు పోతుంది. నా పరువుకూ అతని క్యాంపుకూ మధ్య ఎంచుకోవలసి వచ్చింది, ఎంచుకున్నాను. ఎందుకు రాలేదో జవాబు చెప్పుకోమని నెల తర్వాత ఇంకో కవరు వచ్చింది. అదీ ఇవ్వలేదు. రెండింటినీ కలిపి బాయిలరు పొయ్యిలో, వేరుశెనగ పొట్టు మధ్యలో పడేశాను.

చివరికి అతనే రైలెక్కి మిలిటరీ ఆఫీసుకు పోయాడు. రెండు కాగితాలు పంపినా రాలేదని అప్పటికే పేరు కొట్టేశారు. యూనిఫారం, బూట్లు వెనక్కి తీసుకుని పంపించేశారు. తిరిగి వచ్చి నాతో, "పోస్టులోనే యాడో పోయుంటాయిలేన్నా" అన్నాడు. అనుమానం ఉందా అని అతని ముఖంలో వెతికాను. కనిపించలేదు. కనిపించి ఉంటే నాకు సులువయ్యేది. తిట్టినా, కొట్టినా సులువయ్యేది.

కొన్నాళ్ళకు అంగడాయన అతనికి టీ రాట మీది గ్లాసులో ఇచ్చాడు. నేను పక్కనే ఉన్నాను. ఏసురత్నం బల్ల మీద నుంచి లేచాడు. గ్లాసు వైపు ఒకసారి చూసి, తాగకుండా దాన్ని కింద పెట్టి పోయాడు. మళ్ళీ ఆ అంగడికి రాలేదు. నేను మాత్రం ఆ రోజు నా టీ పూర్తిగా తాగాను. ఇన్నేళ్ళలో ఇదే నన్ను ఎక్కువగా తిన్నది.

మొన్న ఆదివారం వాళ్ళు చర్చి నుంచి వచ్చే వేళకు పేటకు పోయాను. పుట్టి పెరిగిన ఊళ్ళో, నలభై ఐదేళ్ళకు, మొదటిసారి. ఏసురత్నం లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. నేను వద్దని నిలబడ్డాను, అతను తిన్నె మీద కూర్చున్నాడు. అతని భార్య మేరీ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. తిరుపతి మైదానం నుంచి బాయిలరు పొయ్యి దాకా అంతా చెప్పాను. ఏసురత్నం ఒకే ఒక మాట అడిగాడు.

"దాంట్లో యేమని రాసుణ్ణింది అన్నా?"

తారీకు చెప్పాను. ఏ స్టేషన్లో దిగాలో చెప్పాను. ఇక మిగిలింది ఒక్క ముక్క. మీకు కూడా ఇంతవరకు చెప్పలేకపోయాను. ఆ కవరు సొరుగులో పడటానికి అసలు కారణం అదే.

"నీ పేరు ముందర లాన్స్ నాయక్ అని ఉణ్ణింది ఏసురత్నం. సిపాయి నుంచి ఒక మెట్టు పైకెక్కించి నీకు చార ఇచ్చినారు. చేతికి కుట్టించుకుని క్యాంపుకు రమ్మన్నారు."

అతను లేచి నిలబడ్డాడు. నా వైపు చూడలేదు.

"వింటివా మేరీ! నాకు చార ఇచ్చినారంట!"

మేరీ చేట కింద పెట్టింది. ఆమె నన్నే చూసింది. "చెప్పేసినావు గదా సారూ. ఇంక పో" అంది. గొంతు పెంచలేదు.

పోయాను. క్షమించమని నేను అడగలేదు, వాళ్ళు ఆ మాట ఎత్తలేదు. ఎత్తుతారనీ అనుకోవడం లేదు. రోడ్డు ఎక్కుతుంటే కాళ్ళు తేలిగ్గా పడుతున్నాయి. అంత హాయిగా ఉండటానికి నాకు హక్కుందా అని సిగ్గేసింది, అయినా హాయిగానే ఉంది. వెనక నుంచి ఏసురత్నం గొంతు వినిపిస్తూనే ఉంది. ఇంటింటికీ పోయి, ఒక్కొక్కరినీ బయటికి పిలిచి, తనకు చార వచ్చిన సంగతి చెబుతున్నాడు.