మామిడిపండు రంగు స్కీ సూటు

ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని కిటికీలోంచి చూసేకన్నా అక్కడ కూర్చుని చూడటం నయమని, పోయిన ఆదివారం మా అమ్మాయి నన్ను హాలిఫాక్స్‌కు గంట దూరంలో ఉన్న స్కీ కొండకు తీసుకెళ్లింది. తను పైకి వెళ్లాక, కింద కేఫ్‌లో అద్దం పక్కన టీ పెట్టుకుని కూర్చున్నాను. కొండ నిండా నలుపు, బూడిద రంగు బట్టలే. వాటి మధ్య నుంచి మామిడిపండు రంగు సూటు ఒకటి, ఊదా భుజాలతో, కిందికి దిగుతోంది. నేను లేచి నిలబడ్డాను. టీ ఒలికిపోయిందని పక్కావిడ చెబితేగాని తెలియలేదు.

అది మా వారి సూటు. ఆయన పోయి ఏడాది దాటింది.

మన తరంలో ఈ కెనడా దేశం వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మొదటిసారి మంచు కొండెక్కినప్పుడు మనం ఏమేం తొడుక్కున్నామో. నాలుగు తెలుగు కుటుంబాలం కలిసి ఆ కొండకే వెళ్లాం. మగవాళ్లంతా జీన్స్ లోపల పైజామాలు వేసుకున్నారు. రెండుసార్లు పడేసరికి ఆ జీన్స్ తడిసి గడ్డకట్టి, అడుగు వేసినప్పుడల్లా అప్పడాలు విరిగిన చప్పుడు చేశాయి. చలికి భయపడి అందరూ మూడేసి జతల సాక్సులు తొడిగితే, కొందరికి బూట్లలో పాదమే పట్టలేదు, పట్టినవాళ్లకు రక్తం ఆడలేదు, కాబట్టి కొండ మీదకన్నా బెంచీ మీదే ఎక్కువ సేపు గడిచింది. మంకీ క్యాపు మీద స్కీ కళ్లద్దాలు పెట్టుకున్న మా వారిని చూసి ఒక చిన్నపిల్ల వాళ్లమ్మ వెనక దాక్కుంది. ఇక్కడివాళ్లవి మాత్రం తక్కువ వేషాలా? గులాబీ, చిలకపచ్చ సూట్లు, మెడ నుంచి మడమ దాకా ఒకటే బట్ట. బాత్రూమ్‌కు వెళ్లాలంటే సగం మనిషి విప్పుకోవాలి. కొండ ఎక్కించే లిఫ్టు పాత టికెట్లు జిప్పుకు గుత్తిగా వేలాడేసుకుని, యుద్ధం గెలిచొచ్చిన వాళ్లలా తిరిగేవారు.

నాకు దూరం చూపు ఆనేది కాదు. పాపను ఒళ్లో పెట్టుకుని ఇదే అద్దం దగ్గర కూర్చుని, ఒకసారి ఎవరి మొగుడికో చాలాసేపు చెయ్యి ఊపాను. ఆయన కూడా మర్యాదగా ఊపాడు. ఆ మరుసటి వారమే మా వారు సెకండ్ హ్యాండ్ కొట్టులో ఆ మామిడిపండు రంగు సూటు కొనుక్కొచ్చి, వేసుకుని హాల్లో నిలబడ్డారు.

"ఇది చూసి కూడా పక్కవాడికి చెయ్యి ఊపావంటే, ఇక నేనేం చెయ్యలేనే."

స్నేహితులు ఎంత ఏడిపించినా ఆయన దాన్ని వదల్లేదు. కొండ దిగే ప్రతిసారీ అద్దం వైపు స్కీ కర్ర ఎత్తేవారు. ఒకసారి చెట్టుకొమ్మకు తగిలి మోకాలి దగ్గర చిరిగితే, నా పట్టు రవికె మడతల్లోంచి ముదురాకుపచ్చ ముక్క కత్తిరించి కుట్టాను.

ఆయన పోయాక, పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకుంటే వాళ్లకు ఈ ఇంటి మీద ఆశ తెగదని మా ఆడపడుచు ఫోన్‌లో చెప్పింది. నేను అలాంటివి నమ్మను. అయినా, ఆయన ఎక్కడికో వెళ్లలేక నా వల్ల ఆగిపోతారేమోనన్న ఆలోచన ఒకసారి వచ్చాక పోలేదు. అన్నీ ఆ సెకండ్ హ్యాండ్ కొట్టుకే ఇచ్చేశాను. ఆ వారంలోనే సూటు కోసం ఆ కొట్టుకు పరుగెత్తాను. హ్యాంగర్లన్నీ వెతికాను. ఊళ్లో ఉన్న పాత బట్టల కొట్లన్నీ తిరిగాను. ఆశ తెగకపోతే తెగకపోనీ అనుకున్నాను. దొరకలేదు.

ఆ సూటు ఇప్పుడు తలుపు తీసుకుని కేఫ్‌లోకి వచ్చింది. అందులో ఒక చదువుకునే పిల్ల, చేతులు రెండు మడతలు పైకి మడిచి. వెంట నల్ల కోటులో ఇంకో పిల్ల.

"ఇద్దరం పడతం గదనే అండ్ల," అంటోంది ఆ రెండో పిల్ల.

"నవ్వు నవ్వు. మంచుల కూరుకపోతే ఫస్ట్ నన్నే తీస్తరు. నిన్ను ఎండాకాలమే."

నేను దగ్గరికి వెళ్లి మోకాలి మీది ముక్కను తాకాను. సూటులోని పిల్ల వెనక్కి జరగబోయి, నా ముఖం చూసి ఆగింది.

"తెలుగువాళ్లా ఆంటీ? ఎవరో మస్తు కుట్టిండ్రు. సూటంత పోయినా ఇది పోదు."

అడగాలనుకున్నాను. కొత్త సూటు కొనిపెడతాను, ఇది నాకిచ్చెయ్ తల్లీ అని. మాట నోటి దాకా వచ్చింది. ఉక్కపోస్తోందని ఆ పిల్ల మెడ దగ్గర జిప్పు కిందికి లాగింది. లోపల ఒక పల్చటి టీషర్టు తప్ప ఏమీ లేదు.

దాని బదులు, మళ్లీ ఎక్కుతావా అని అడిగాను.

"లిఫ్టు బందయ్యేదాంక ఎక్కుత ఆంటీ."

"దిగేటప్పుడు ఈ అద్దం వైపు కర్ర ఎత్తమ్మా."

"ఎందుకాంటీ?"

"నాకు దూరం చూపు ఆనదు."

అది అబద్ధం. కళ్ల ఆపరేషన్ అయ్యాక చివరి చెట్టు దాకా కనబడుతోంది. ఆ రోజుల్లో కొండంతా రంగులే, చూపు లేనిది నాకు. ఇప్పుడు అందరూ ఒకే నలుపులో, హెల్మెట్లలో దిగుతున్నారు. మా అమ్మాయినే గుర్తుపట్టలేకపోయాను. తను లోపలికొచ్చి పక్కన కూర్చుని, చేతి తొడుగులు తీయకుండానే, "అమ్మా, డిడ్ యూ సీ? నాన్న సూటు!" అంది. తలాడించాను. ఇద్దరం అద్దం వైపు తిరిగాం.

మామిడిపండు రంగు దిగుతోంది. కర్ర ఎత్తింది. అది ఆయన కాదని అంత దూరం నుంచి కూడా స్పష్టంగా తెలుస్తోంది. చెయ్యి ఊపాను.